గంజి పెట్టిన మంజనీక్

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి కాశిబుగ్గలో ఎవరినడిగినా చెప్తారు, కొందరు అడక్కుండానే చెప్తారు. మాది జంపఖానాల దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో మగ్గం. ఉన్న జంపఖానాలన్నీ విప్పించి, పరిపించి, మీద కూర్చుని, ఓసారి నడుం వాల్చి కూడా చూసి, చివరికి "ఆలోచించుకోని వస్తం" అని లేచిపోయే గిరాకీ మీద నేను అరిచే అరుపు మెయిన్ రోడ్డు దాకా వినపడుతుందని మా ఆవిడ అంటుంది. అది అబద్ధం. మసీదు మలుపు దాకే వినపడుతుంది.

ఈ కోపానికి సరిజోడు ఒకడున్నాడు. మా వెనక గల్లీలో వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాడు. మగ్గంలో ఏ చెక్క విరిగినా నేతపని వాళ్ళందరికీ వాడే దిక్కు. ఊరంతా ఉస్తాద్ అంటుంది, నేనూ అదే అంటాను. వాడు నన్ను సేఠ్ అంటాడు. నా దుకాణం ఒకసారి చూస్తే ఆ పిలుపులో ఎంత వెటకారం ఉందో తెలుస్తుంది. లాగులు తొడుక్కునే వయసు నుంచి మేం కొట్లాడుకుంటూనే ఉన్నాం. గోళీల మీద మొదలై, సినిమా టికెట్ల మీదుగా, ఇప్పుడు ఎవరికి షుగర్ ఎక్కువ అనే దాకా వచ్చింది. వాడితో కొట్లాడని రోజు నాకు అన్నం సరిగ్గా అరగదు.

కిందటేడు వాడి స్కూటీని లారీ గుద్దింది. పెద్ద దవాఖానలో ప్రాణం నిలిపారు గానీ ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ఆ రోజుల గురించి రాయడం నా వల్ల కాదు. నేను చెప్పదలచుకున్నది వాడు ఇంటికి వచ్చిన తర్వాతి సంగతి.

వాడు ఇంటికి రాగానే కాశిబుగ్గ మొత్తం ఉన్నట్టుండి మంచిదైపోయింది. చాయ్ కొట్టు ఆయన, అప్పు అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, వాడి దగ్గర పైసలు తీసుకోవడం మానేశాడు. గడ్డం గీస్తూ రాజకీయాల మీద గొంతు చించుకునే మంగలి, వాడు ఏమన్నా "నువ్వన్నదే కరెక్ట్ ఉస్తాద్" అనడం మొదలుపెట్టాడు. తలుపు చేయించుకుని వంక పెట్టని ఇల్లాలు మా దగ్గర పుట్టలేదు, అలాంటి వాళ్ళు కూడా వంకర చెక్కను చూసి "మస్తుగున్నది" అన్నారు. అన్నిటికంటే ఘోరం క్యారమ్స్ దగ్గర జరిగింది. సాయంత్రాలు చాయ్ కొట్టు ముందు బోర్డు వేస్తారు. వాడు వరసగా గెలుస్తూ వచ్చాడు. వాడి ఆట నాకు తెలుసు, అంత గెలిచే ఆట కాదది. చేతికందే రాణిని ఎదుటివాడు కావాలని వదిలేయడం ఒకనాడు వాడి కంట పడింది. బోర్డు ఎత్తి రోడ్డు మీద బోర్లించాడు.

"నన్ను ఓడగొట్టెటోడు ఒక్కడు లేడార ఈ బస్తీల? కాలు పోయింది ర నాది, నేను పోలె!" అన్నాడు.

ఒకరు వంగి కాయిన్స్ ఏరారు, ఇంకొకరు వాడి చంకకర్ర అందించారు. ఆ మర్యాద చూసి వాడు ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. తర్వాత బయటికి రావడమే మానేశాడు. కొట్టుకు తాళం. నేను పోయి కావాలని కయ్యానికి దిగితే "అవును సేఠ్, నిజమే సేఠ్" అంటూ గోడ వైపు తిరిగేవాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. పైసలు ఎట్లాగోట్లా పుడతాయి, పెట్టుడు కాలు ఎట్లాగోట్లా వస్తుంది. నాతో కొట్లాడే మనిషి తిరిగి రాకపోతే నేనేం కావాలి?

మా గల్లీ యూత్ వాళ్ళు పెట్టుడు కాలుకు చందాలు వసూలు చేద్దామనుకున్నారు. మంచి మనసే, కాదనను. కానీ ఫ్లెక్సీ కొట్టించారు. దవాఖాన మంచం మీద వాడి ఫొటో, కింద "దాతలారా ఆదుకోండి" అని ఎర్రక్షరాలు. యూత్ ప్రెసిడెంటు దాన్ని ఫోన్లో చూపించడానికి వాడింటికి పోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. వాడు ఫోన్ చూశాడు, చంకకర్ర ఎత్తాడు. ప్రెసిడెంటు గుమ్మం దాటకపోయి ఉంటే రెండో ఫ్లెక్సీ ప్రెసిడెంటుకే వేయాల్సి వచ్చేది.

"డబ్బ పట్టుకోని నా మొఖం చూపెట్టుకుంట తిరిగితే మీ అందరి కాళ్ళు ఇరగ్గొడ్త! నాకు చేతులున్నయ్. ఏదన్న చేస్త. దానికి పైసలియ్యమను, తీసుకుంట. ఊకెనే ఇస్తే ముట్ట."

"ఏం చేస్తవన్నా?" ప్రెసిడెంటు వాకిట్లో నిలబడే అడిగాడు.

వాడు తన ఫోన్ తీశాడు. మంచం మీద పడుకుని చూసి చూసి దాచుకున్న వీడియో అది. ఏదో దేశంలో పొలం మధ్య పెద్ద చెక్క యంత్రం. దాని పొడవాటి చెయ్యి వెనక్కి వంచి కట్టారు. ఒక మనిషి గొళ్ళెం లాగగానే ఆ చెయ్యి ఎగిరి గుమ్మడికాయను ఆకాశంలోకి విసిరింది. గుమ్మడికాయ ఎక్కడో చెట్ల అవతల పడింది. నా ఒళ్ళు జలదరించింది. యాభై దగ్గర పడ్డ మనిషిని, లేచి చప్పట్లు కొట్టాను.

"గిది చేస్త," అన్నాడు వాడు. "ఓ ఆదివారం గ్రౌండ్ల పెడదాం. పైసలిచ్చినోడు ఇసురుతడు."

"గుమ్మడికాయలా? తినేది నేలపాలు చేస్తె మా అమ్మ నన్నే మిషన్ల పెట్టి ఇసురుతది," అన్నాను.

"నీళ్ళ బుగ్గలు ర!" అన్నాడు. బెలూన్లను మేం బుగ్గలంటాం. "అసలే ఎండకాలం. ఓ కుర్చీల మనిషిని కూసోబెడదాం, బుగ్గేసి తడపాలె."

"ఎవర్ని తడుపుతరన్నా? జనం పైసలిచ్చి మరీ తడపాలంటె, గసొంటి మనిషి ఉండాలె గద," అని ప్రెసిడెంటు సందేహం వెలిబుచ్చాడు. వెలిబుచ్చి నావైపు చూశాడు. ఉస్తాద్ కూడా చూశాడు. లోపల చాయ్ పోస్తున్న వాడి భార్య, మా భాభీ కూడా తలుపు సందులోంచి చూసింది. కోపిష్టిగా ఇన్నేళ్ళు బతికినందుకు చివరికి సమాజానికి ఇలా పనికొచ్చాను.

మర్నాడే కొట్టు తాళం తీశాడు. ఆ వారం ఎంత హుషారుగా గడిచిందో చెప్పలేను. దుకాణం మా ఆవిడకు వదిలేసి పొద్దున్నే పోయేవాణ్ని. వాడు పీట మీద కూర్చుని పని, నేను చెక్క పట్టుకోవడం. పట్టు కాస్త సడలితే తిట్లు పడేవి, కానీ పాత తిట్లు కావు. సగంలో ఆపి, "ఏమనుకోకు సేఠ్" అని అతికించేవాడు. తుమ్మ దుంగలు కోసి, ఎద్దుల బండి చట్రం లాంటి బలమైన చట్రం బిగించాడు. యంత్రం చేతికి ముదురు వెదురు బొంగు. దాని కొసకు బుగ్గ పెట్టడానికి స్టీలు బొచ్చె. లాగి వదలడానికి, పాత తలుపు నుంచి ఊడదీసిన ఇనుప గొళ్ళెం. రంపపు పొట్టు వాసన తగిలి, చిత్రిక చప్పుడు వినపడేసరికి గల్లీలో పోయేవాళ్ళంతా తొంగి చూడసాగారు. మసీదు దగ్గర ఉర్దూ పుస్తకాలు చదువుకునే పెద్దాయన ఒకరు లోపలికే వచ్చేశారు. చట్రం చుట్టూ తిరిగి చూశారు.

"దీన్ని మంజనీక్ అంటరు బేటా. ఎనకట ఢిల్లీ ఫౌజు మన కోట మీద రాళ్ళు ఇసిరింది దీంతోనే."

"మేం నీళ్ళే ఇసురుతం చాచా," అన్నాను నేను.

"మంచిది. ఎండ బాగున్నది," అని ఆయన వెళ్ళిపోయారు. సాయంత్రానికి కాశిబుగ్గ అంతా మంజనీక్ అనే పిలవడం మొదలుపెట్టింది.

ఆ యంత్రానికి ప్రాణమంతా తాడులో ఉంటుంది. చట్రం రెండు వైపుల మధ్య లావాటి నూలు తాడు బిగించి, దాని నడుమ బొంగు దూర్చి, తాడును రెండు కొసల నుంచి కట్టెలతో మెలి తిప్పుతారు. మెలి తిరిగిన తాడు విడిపోవాలని గింజుకుంటుంది, ఆ గింజులాటే బొంగును విసురుతుంది. "గట్టి తాడు కావాలె సేఠ్, నైలాన్ పనికి రాదు, జారుతది," అన్నాడు వాడు. తాడు సంగతి నాకు చెప్తాడా? తాతకు దగ్గులు నేర్పడమే. తాతల నాటి నుంచి నూలు తప్ప ఇంకోటి ఎరగని ఇల్లు మాది.

ఆ పని గల్లీ గల్లీ అంతా కలిసి చేశాం. మా ఇంటి గుంజ నుంచి అవతలి కరెంటు స్తంభం దాకా, మగ్గానికి పడుగు పోసినట్టే, పోగు పక్కన పోగు పోసి నూలు సాగదీశాం. మా అమ్మ కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చుంది. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు వచ్చారు. ఒకరు పోగులు సరిచేస్తే ఒకరు ముడులు చూశారు. పడుగు పరిచాక మా దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అమ్మ లేచి పెద్ద గంజులో గంజి కాచింది. ఆడవాళ్ళు కుంచెలు తెచ్చారు. చిక్కటి గంజి ఈ కొస నుంచి ఆ కొసకు పట్టించి, దువ్వి, అన్నీ కలిపి తాడుగా చేసి ఎండలో ఆరబెట్టాం. ఉస్తాద్ కర్రల మీద వచ్చి నిలబడి, తాడును వేలితో మీటి, "మంచిగ బిగిసింది," అని మెచ్చుకున్నాడు. పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య తిరిగినవాడు, వాడికీ అనుమానం రాలేదు. నూలు కనపడితే గంజి పెట్టాలి. కాశిబుగ్గలో దాన్ని ఎవరూ ఆలోచించరు.

ఆరిన తాడు గోడకు నిలబెడితే నిలబడింది. నా ఛాతీ కూడా ఆ తాడులాగే ఉబ్బింది. భుజాన వేసుకుని కొట్టుకు మోసుకుపోయాను.

కొట్టు వెనక ఖాళీ జాగాలో మొదటి పరీక్ష. తాడు బిగించాం, బొంగు దూర్చాం, నీళ్ళు నింపిన బుగ్గను బొచ్చెలో పెట్టాం. రెండు వైపులా నేనూ ప్రెసిడెంటూ కట్టెలు పట్టుకుని మెలి తిప్పుతున్నాం. మొదటి మెలికకు పటపటమని చప్పుడు. బలం ఎక్కుతోందనుకుని ఇంకా తిప్పాం. తెల్లటి పొడి రాలింది. ఇంకా తిప్పాం. ఉస్తాద్ అల్లాను తలుచుకుని గొళ్ళెం లాగాడు.

బొంగు ముసలాయన మంచం మీంచి లేచినట్టు మెల్లగా లేచింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది. బొచ్చెలోంచి బుగ్గ జారి, దొర్లి, నా చెప్పుల దగ్గరికి వచ్చి టప్పున పగిలింది. తాడు పోగులు పోగులుగా తెగి వేలాడుతోంది. ఆ ఎండిన పోగుల్లో మెలిక తిరిగే మెత్తదనం లేదు. పెళుసుబారి, మెలి తిప్పిన చోటల్లా విరిగిపోయాయి.

ఉస్తాద్ ఒక పోగు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. నావైపు తిరిగాడు.

"గంజి! గంజెందుకు పెట్టినవ్ ర, దున్నపోత! గిదేమన్న పట్టుచీరనా? పెండ్లికి పోతాందా మంజనీక్?"

"నూలుకు గంజి పెట్టక అత్తరు పెడ్తరా? మస్తు బిగిసిందని మెచ్చుకున్నది ఎవడు? నీ కండ్లేడ పోయినయ్?"

"నా కండ్లున్నయ్, నీకు బుద్ధే లేదు! చిన్నప్పట్సంది లేదు!"

వాడి మెడ నరాలు పొంగాయి. కర్రతో నేలను పొడుస్తూ మా నాన్న దాకా, మా మేనమామ దాకా పోయాడు. "ఏమనుకోకు" అన్న మాట ఎక్కడా లేదు. నేనూ తగ్గలేదు. వాళ్ళ బావమరిది అమ్మిన పుచ్చు మంచం సంగతి కూడా తవ్వాను. ప్రెసిడెంటు మా మధ్య నిలబడి "అన్నా, అన్నా" అంటున్నాడు. అరుస్తున్నాను గానీ లోపల నాకు పండగలా ఉంది. ఎన్నాళ్ళకు తిట్టాడు! ఆ పూట ఇంటికి పోయి రెండు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

తాడంతా విప్పి, వేడినీళ్ళలో నానబెట్టి, బండ మీద ఉతికి గంజి వదిలించాం. "గంజి పెట్టుడు చూసిన గని, పెట్టిన గంజిని కడుగుడు గిప్పుడే చూస్తాన," అని అమ్మ అడ్డమైన సాధింపులూ సాధించింది. తెగిన పోగుల బదులు కొత్త నూలు కలిపి, మెత్తటి తాడు పేని మళ్ళీ బిగించాం. ఈసారి గొళ్ళెం లాగగానే బొంగు ఎంత జోరుగా లేచిందంటే, బుగ్గ బొచ్చెలోనే పగిలిపోయి, వెనక నిలబడ్డ నేను నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిశాను. స్టీలు అంచు తగలకుండా బొచ్చె లోపల ఒక జంపఖానా ముక్క మడిచి కుట్టాను. మూడోసారి ఉస్తాద్ గొళ్ళెం లాగాడు.

పోయింది! ఎర్రబుగ్గ ఎండలో మెరుస్తూ కొట్టు రేకుల మీదుగా, మా ఇంటి డాబా మీదుగా పైకి పైకి పోయింది. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ప్రెసిడెంటు ఈల వేశాడు. నేను ఉస్తాద్‌ను వాటేసుకున్నాను, వాడు నా వీపు మీద గుద్దాడు. చిన్నప్పుడు మొదటిసారి గాలిపటం తెంపినప్పుడు కూడా మేం అంత గెంతలేదు.

డాబా మీంచి కేక వినిపించింది. తొక్కు కోసం మా ఆవిడ ఆరబోసిన మామిడికాయ ముక్కల నట్టనడుమ పడింది బుగ్గ. చీర కొంగు దోపుకుని, చేతిలో చీపురుతో ఆమె కిందికి వచ్చింది. గొళ్ళెం తాడు ఉస్తాద్ చేతిలో ఉంది, ఆమె చూసింది. చూసి, నోట్లో మాట నోట్లోనే ఆపుకుని, చీపురు నావైపు తిప్పింది. నా ఏడు తరాలనూ కడిగింది. వాడితో మాత్రం "నువ్వు కూసో అన్నా, ఎండల నిలబడకు," అంది.

వాడి ముఖంలో వెలుగు పోయింది. గొళ్ళెం తాడు కింద పెట్టేశాడు. నాతో ఎంత కొట్లాడితే ఏం లాభం? నేనొక్కణ్నే ఊరు కాదు కదా. ఊరంతా ఇంకా వాడిముందు గొంతు తగ్గించే మాట్లాడుతోంది.

ఆదివారం బడి గ్రౌండు జాతరలా ఉంది. మిర్చి బజ్జీలు, షర్బత్, ఆడవాళ్ళు కుట్టిన సంచుల దుకాణాలు. ఉస్తాద్ మాట ప్రకారం ఎక్కడా వాడి ఫొటో లేదు. "మంజనీక్ - మీ చేతులతో మీరే విసరండి" అని మాత్రం ఒక బ్యానర్. గ్రౌండు ఆ చివర నీలం టార్పాలిన్ పట్టా కట్టి, దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. లైను ఎంత పొడవుందో చూసి నా మీద నాకే జాలి వేసింది. నేను ఎవరెవరి మీద అరిచానో వాళ్ళంతా వచ్చారు. "ఆలోచించుకోని వస్తం" అన్న గిరాకీలు ఆలోచించుకుని ఇక్కడికొచ్చారు. చాయ్ కొట్టు ఆయన మూడు బుగ్గలు కొన్నాడు. మంగలి గురి తప్పి, మళ్ళీ పైసలు కట్టి, ఈసారి నా మూతి మీదే కొట్టాడు. జనం కేకలకు చెవులు చిల్లులు పడ్డాయి. ఉస్తాద్ మంజనీక్ పక్కన కూర్చుని, తాడు మెలి చూస్తూ, ఎటు తిప్పాలో అరిచి చెప్తూ, గొళ్ళెం ఎప్పుడు లాగాలో చూపిస్తూ చెమటలు కక్కుతున్నాడు. తడిసి ముద్దైన నాకు వాణ్ని చూస్తుంటే ఎంత సంతోషమో.

ఎండ కాస్త వాలాక వాడు కర్రలు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"లే సేఠ్. నీ కథ అయిపోయింది. ఇగ నేను కూసుంట."

కూర్చున్నాడు. కర్రలు పక్కన పడేశాడు. ఖాళీగా ఉన్న ప్యాంటు కాలును మడిచి పిన్ను పెట్టుకున్నాడు, అది అందరికీ కనపడుతోంది. "రాండ్రి!" అని చప్పట్లు కొట్టాడు. "నేను చేసిన తలుపులు సరిగ్గ పడక సతాయిస్తలేవా? నేను మీ పని లేట్ చేయలేదా? రాండ్రి, తీర్చుకోండ్రి!"

లైను కదల్లేదు. కాసేపటికి లైనే లేదు. ఒకాయన వచ్చి డబ్బాలో నోటు వేసి, "నాది తాకినట్టే అనుకో ఉస్తాద్," అని తప్పుకున్నాడు. ఇంకో ఆమె, "నాది వద్దు తీ, పైసలుంచుకోండ్రి," అంది. చాయ్ కొట్టు ఆయన చేతిలో బుగ్గ ఉంది, దాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు. గ్రౌండంతా మెత్తబడిపోయింది. ఆ మెత్తదనం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"సేఠ్! నువ్వన్న ఎయ్యి ర!" అన్నాడు వాడు.

బొచ్చెలో బుగ్గ పెట్టాను. గొళ్ళెం తాడు పట్టుకున్నాను. పిన్ను పెట్టిన ఆ ప్యాంటు మీదికి నా చూపు పోయింది. చెయ్యి రాలేదు. అంత కోపిష్టిని, నాకే రాలేదు. వాడు నన్ను చూసి తల దించుకున్నాడు.

అప్పుడు భాభీ వచ్చింది. అప్పటి దాకా షర్బత్ దుకాణం దగ్గర గ్లాసులు కడుగుతోంది. తడి చేతులు బురఖాకు తుడుచుకుంటూ నేరుగా డబ్బా దగ్గరికి పోయి పైసలు వేసింది. నేను పెట్టిన బుగ్గను తీసి పక్కన పడేసి, బకెట్లోంచి అన్నిటికంటే పెద్దది ఏరుకుంది.

"ఇంకో చుట్టు తిప్పు భయ్యా," అంది నాతో.

తిప్పాను. ఆమె గొళ్ళెం తాడు చేతికి చుట్టుకుంది. వాడివైపు చూసింది. ఆ గొంతు అంత పైకి లేవగలదని నాకు అదివరకు తెలియదు.

"రాంగ్ రూట్ల పోకు, పోకు అని మొత్తుకున్ననా లేదా? గా యూటర్న్ దాక పోతే నీ సొమ్మేం పోతుండె? ఇన్ని దినాల సంది కడుపుల పెట్టుకోని తిరుగుతాన. పరేషాన్ అయితవని నోరు తెరవలె. ఇగో, ఇప్పుడు తెరుస్తాన!"

ఆ రోజు వాడు ఎదురుదారిలో వచ్చాడన్నది మా అందరికీ తెలుసు. దవాఖానలో తెలుసు, చాయ్ కొట్టు దగ్గర తెలుసు. వాడి ముందు ఒక్కరమూ నోటితో అనలేదు. ఆమె అని, గొళ్ళెం లాగింది.

బుగ్గ వంకర పోలేదు. వాడి ఛాతీ మీద భళ్ళున పగిలి గడ్డం, కళ్ళు, జుట్టు అన్నీ ముంచేసింది. వాడు నీళ్ళలోంచి తేలినట్టు నోరు తెరిచి గాలి పీల్చాడు. కళ్ళు తుడుచుకుని ఆమెను చూశాడు. మేం భయపడ్డాం.

"గా యూటర్న్ యాడున్నదో ఎరికేనా నీకు?" అని అరిచాడు. "ఊరవతల పెట్టిండ్రు! గంత దూరం పోయి రావాల్నంటె పెట్రోలు ఎవడు పోస్తడే? మీ అబ్బ పోస్తడా?"

"మా అబ్బను అన్నవంటె ఇంకోటి ఏస్త!"

"ఎయ్యి! గురి పెట్టుడన్న వస్తదా నీకు? గాలికి తాకింది!"

"గాలికా? ఇంకో బుగ్గ ఇయ్యి భయ్యా!"

ఆమె ఏడుస్తోంది, అరుస్తోంది, రెండూ ఒకేసారి. వాడు కోపంలో ఏమరుపాటున కుర్చీలోంచి లేచేశాడు, కర్రలు లేకుండా, ఒంటి కాలి మీద. వేలు చూపిస్తూ అరుస్తుంటే అటూ ఇటూ ఊగాడు. కుర్చీ వీపు తనే పట్టుకుని నిలదొక్కుకుని, మళ్ళీ అరిచాడు. ఇంతకు ముందైతే పదిమందిమి పరుగెత్తి పోయి పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరమూ పోలేదు. చాయ్ కొట్టు ఆయన తన బుగ్గతో అందరికంటే ముందు లైన్లో నిలబడ్డాడు, వెనక మంగలి, ఆ వెనక మా ఆవిడ, మిగతా వాళ్ళమంతా నల్లా చుట్టూ తోసుకుంటూ బుగ్గలు నింపుకుంటున్నాం.